పది ఇళ్ల బియ్యం

ఆ ఆదివారం నేను ముప్పై వేల రూపాయలు నడుముకు కట్టుకుని చర్చికి పోయాను. నిజామాబాదులో మేముండేది రేకుల ఇల్లు. దాని తాళం గట్టిగా రెండుసార్లు గుంజితే ఊడి చేతికొస్తుంది. అటువంటి ఇంట్లో అంత డబ్బు పెట్టి రావడానికి నాకు ధైర్యం చాలలేదు. పాత లంగా గుడ్డతో చిన్న సంచి కుట్టి, బ్యాంకు వాళ్లు కాగితం చుట్టి ఇచ్చిన కట్టను ఇచ్చినట్టే అందులో పెట్టి, చీర కుచ్చిళ్ల వెనక దోపుకున్నాను. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల నా కూతురి నర్సింగ్ కాలేజీలో ఆ ముప్పై వేలు కట్టాలి. కట్టకపోతే సీటు కింది పేరుకు పోతుందని ఆఫీసులో కూర్చున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

అది నా పీఎఫ్ డబ్బు. పంతొమ్మిదేళ్లు బీడీలు చుట్టిన డబ్బు. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పీఎఫ్ కాగితంలో ఇంకొకటి ఉందని నన్ను నాలుగుసార్లు తిప్పారు. నాలుగోసారి ఆ ఆఫీసులో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పని అయ్యేదాకా లేవలేదు. నా కోపం సంగతి మా వాడకట్టులో అందరికీ ఎరుకే. కార్ఖానాలో మునీము బాగాలేవని రెండు కట్టలు ఎక్కువ పక్కన పడేస్తే, చాట మొత్తం అతని బల్ల మీద బోర్లించి వచ్చినదాన్ని. మాట పడేది లేదు, చెయ్యి చాపేది లేదు అని ఎప్పుడూ అంటుండేదాన్ని. అనుకోవడానికి బాగానే ఉండేది.

నా కూతురు ఒక్కనాడూ ఆకు ముట్టలేదు. మా వాడలో ఆడపిల్లలు ఆరో తరగతి నుంచే తునికాకు కత్తిరిస్తారు. నేను మాత్రం ముట్టనియ్యలేదు. వెయ్యి బీడీలు అయ్యేసరికి నా వేళ్లు వంగిపోయి, గ్లాసు పట్టుకోవడానికి కూడా రెండు చేతులు కావాల్సి వచ్చేది. అయినా దాన్ని చదువుకో పో అనే కసిరేదాన్ని. ఇప్పుడు దాని భవిష్యత్తంతా నా నడుము దగ్గర గుచ్చుకుంటూ ఉంది.

మా అత్త మాతోనే ఉంటుంది. ఆమెది బోధన్ అవతల నిజాంసాగర్ కాలువ కింద ఒక ఊరు. మేం పట్నానికి వచ్చి ఏళ్లయినా మా రేషన్ కార్డు ఆ ఊళ్లోనే ఉంది, చర్చి సభ్యత్వమూ అక్కడే. మా చర్చిల్లో ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టాక, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాను చర్చిలో ఉన్న బస్తాలోకి ఒంపుతారు. ఆ బియ్యం కొంత చర్చి వంటలకు పోతుంది, మిగతాది ఆ నెలలో తిండికి కష్టమైన ఇంటికి పోతుంది. ఏ ఇంటికి పోతుందో ఎవరూ పైకి అనరు. ఊరంతా పొలాల్లో ఉన్న వేళ ఒక ఆడమనిషి పెరటి తోవన పోయి, మాట్లాడకుండా గిన్నెలో పోసి వచ్చేస్తుంది. మా అత్త చాలా ఏళ్లు ఆ పని చేసింది.

ఆ పిడికెడు ఇంట్లో ఉన్న బియ్యం బస్తాలోంచి తీయకూడదని ఆమె పట్టుదల. వండబోయే కొలతలోంచే తీయాలి. బస్తాలోంచి తీస్తే ఎవరికీ తెలియదు. కొలతలోంచి తీస్తే ఇంట్లో అందరి కంచంలో ఒక ముద్ద తగ్గుతుంది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మనకే సాలక సస్తున్నం అత్తా. దేవుడు గీ పిడికెడు కోసం ఎదురుసూస్తుండా?"

"పిడికెడు ఆయనది, కుండెడు మనది అనుకుంటున్నవా పిల్లా. కుండెడు ఆయనదే. మనల తిననిస్తుండు. గది యాదుండాల్నని పిడికెడు తీసుడు, గంతే."

ఆమెతో వాదం పెట్టుకుంటే ఎప్పుడూ ఇంతే. గొంతు పెంచదు, నాకు అరిచే వీలు ఇవ్వదు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆ ఆదివారానికి వస్తాను. నాలుగేళ్ల కింద నా భర్తకు భుజం విరిగింది. ఆయన పసుపు యార్డులో హమాలీ. బస్తాల వరస కూలి మీద పడింది. నాలుగు నెలలు మంచం దిగలేదు. ఆ నాలుగు నెలలు మా అత్త పదిహేను రోజులకోసారి ఊరికి పోయి రేషన్ బియ్యం తెచ్చేది. ఆ బియ్యం వండడం ఒక శిక్ష. ఒకటి సన్నం, ఒకటి దొడ్డు, ఒకటి పాతది, ఒకటి నూక. ఎంతసేపు ఉడికించినా సగం పలుకు, సగం గంజి. డీలరు కల్తీ చేస్తున్నాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. ఒకరోజు బస్సెక్కి ఊరికి పోయి, రేషన్ షాపు ముందు లైనులో ఉన్న ఆడవాళ్లందరి ఎదుట ఆయన్ను కడిగిపారేశాను. పాపం ఆయన నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు. లైనులో ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ నాకు వంత పాడలేదు. అందరూ నేల చూశారు. పిరికి మంద అని తిట్టుకుంటూ తిరిగి వచ్చాను.

ఇక ఆ ఆదివారం. కోత పండుగ. నా భర్తకు గోదాములో లోడు పని పడి రాలేదు. నేను, కూతురు, అత్త పొద్దున్నే బోధన్ బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఊరికి చేరాము. తోవంతా చెరుకు ట్రాక్టర్లు. చర్చి గుమ్మానికి చెరుకు గడలు కట్టారు, లోపల బల్ల ముందు వడ్ల కట్టలు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, బెల్లం ముద్దలు, బెంచీ కింద కాళ్లు కట్టిన కోళ్లు. పండించినదాంట్లో మొదటిది తెచ్చి దేవుని ముందు పెట్టి, ఆరాధన అయ్యాక హర్రాజు వేస్తారు. పాడి దక్కించుకున్నవాళ్లు డబ్బు పెట్టెలో వేస్తారు. ఆ ఏడు ఆ డబ్బు చర్చి పైకప్పు రేకులకు. సాయంత్రం నాలుగింటికి రేకుల షాపాయన వచ్చి అడ్వాన్సు తీసుకుపోతాడని ముందే చెప్పారు.

మా అత్త తెచ్చింది ఆనిగెపుకాయ, అదే సొరకాయ. మా ఇంటి రేకుల మీద పాకించిన తీగకు కాసిన మొదటి కాయ. తీగకు మొదటి కాయ దేవునిదని ఆమె దాన్ని కోయలేదు. తర్వాత కాసినవన్నీ కూర వండుకుని తిన్నాం. ఇది మాత్రం కోత పండుగ దాకా తీగకే ఉండి, పండి, గట్టిబడి, తడితే టకటకమంటోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో, ఆటోలో రెండు గంటలు కూర్చుంది.

హర్రాజు వేసేది సంఘ పెద్ద. కోళ్లయ్యాయి, బెల్లమయ్యింది. ఆనిగెపుకాయ ఎత్తి పట్టుకున్నాడు.

"నిజామాబాదు నుంచి అవ్వ మోసుకొచ్చింది. పాడుండ్రి."

ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. ఆ ఊరివాడే. వరికోత మిషన్లు రెండున్నాయి, వర్ని, మోస్రా దాకా కిరాయికి తిప్పుతాడు. చర్చి కమిటీ కార్యదర్శి కూడా ఆయనే. తెల్ల చొక్కా, చేతికి పెద్ద గడియారం.

"యాబై," అన్నాడు. "ముదిరిపోయింది గద. కూరకు రాదు. మా బర్రెకేస్త."

జనం నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, పండుగ పూట నవ్వుకునే నవ్వే. మా అత్త కూడా నవ్వినట్టే గుర్తు. నాకు మాత్రం చెవుల్లో నిప్పులు పోసినట్టయింది. మొదటి కాయ ఎందుకు ముదురుతుందో ఆ చర్చిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆయనకు తెలియదా?

"ఐదువందలు," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "వెయ్యి."

"రెండువేలు."

"ఐదు."

నవ్వులు ఆగిపోయాయి. నా కూతురు నా కొంగు పట్టుకుంది. విడిపించుకున్నాను. "పది" అన్నాను. "పన్నెండు" అన్నాడు. అప్పటికైనా కూర్చోవాల్సింది. ఆ క్షణంలో నాకు ఫీజు యాదికి లేదా అంటే, ఉంది. ఉండీ అన్నాను. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"ఇరవై వేలు."

ఆయన రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. సంఘ పెద్ద మూడుసార్లు పిలిచి కాయ నా పేరున కొట్టేశాడు. డబ్బు వచ్చే ఆదివారం ఇవ్వొచ్చు, అందరూ అట్లాగే ఇస్తారు. నేను ఆగితేనా. కుచ్చిళ్ల వెనక చెయ్యి పెట్టి సంచి లాగి, కట్టలోంచి పది వేలు తీసి పక్కన పెట్టుకుని, మిగతా కట్టను బ్యాంకు కాగితంతో సహా బల్ల మీద చప్పుడయ్యేటట్టు పెట్టాను.

"మేం ఒకల ముంగట చెయ్యి జాపి బతికినోళ్లం కాదు," అన్నాను. "మా అత్త కాయకు ధర కట్టేటోడు ఇంక పుట్టలే."

చర్చిలో ఆడవాళ్లందరూ నేల చూశారు. వాళ్లు అట్లా చూడడం నేను ఇంతకుముందు ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో వెంటనే తోచలేదు.

పాస్టరుగారు కట్టను పెట్టెలో వేసి, రెండు తాళాలు వేసి, మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చిన్న వయసాయన. ఈ సహోదరి త్యాగం అనే మాట వాడారు. ఆ మాట చెవిన పడగానే నా కోపం మొత్తం దిగిపోయింది. కోపం దిగాక మిగిలింది సోమవారం పన్నెండు గంటలు.

హర్రాజు తర్వాత ప్రేమ విందు. వేపచెట్టు కింద చాపలు పరిచి, పిడికెడు బియ్యం బస్తాలోంచి తీసి వండిన అన్నం, పప్పు, వంకాయ కూర. నా కూతురు వడ్డించే పిల్లల్లో ఉంది. నా ముందు కంచం పెట్టి అన్నం పెట్టింది. దాని మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. అది నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పప్పు పోస్తూ మెల్లగా అంది.

"పోనీ తియ్యమ్మా. నాకు సీటు అద్దు. రేపటి సంది నేను గూడ ఆకు కత్తిరిస్త."

అది కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. కోపానికి కోపం ఇవ్వడం నాకు వచ్చు. అది పప్పు గరిట తీసుకుని పక్క చాపకు పోయింది. నేను కంచం ముట్టలేకపోయాను.

అప్పుడే ఫోన్ మోగింది. నా భర్త.

"పైసలు పైలమేనా?"

"పైలంగనే ఉన్నయి," అన్నాను.

"నువ్వు జర బస్సుల కొంగు మీద చెయ్యి పెట్టుకొనే కూసో. రేపు పొద్దుగాల నేను గూడ వస్త, కాలేజి సూడాలె."

సరే అని పెట్టేశాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయనతో వెయ్యిసార్లు పోట్లాడి ఉంటాను కానీ, డబ్బు విషయంలో అబద్ధం చెప్పింది అదే మొదలు. ఒంటిగంట నలభై అయ్యింది. నాలుగింటికి రేకులాయన వస్తాడు. ఒకసారి ఆ డబ్బు ఆయన చేతిలో పడిందంటే ఇక తిరిగొచ్చేది రేకులే.

మా అత్త గోడకు ఆనుకుని తింటోంది. పోయి పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడకుండానే అడిగింది.

"నేను దేవునికి కాయ ఇచ్చిన. నువ్వు పైసలు ఎవలకిచ్చినవ్ పిల్లా?"

"నీ కోసమే గదా అత్తా. గంతమందిల నిన్ను నవ్విండు."

"నవ్వితే నాకేమైంది. కాయ ముదిరిందన్నడు. ముదిరింది మరి."

ఆమెకు అవమానమే జరగలేదు. ఆమె తరఫున అవమానపడింది నేను, ఆ అవమానాన్ని నా కూతురి సీటు పెట్టి కొన్నదీ నేనే. దేవుడు ఆ లెక్కలో ఎక్కడా లేడు. ఆ ముందు వరస తెల్ల చొక్కాకు ఇచ్చాను ఇరవై వేలు, చూడు నా తడాఖా అని.

పాస్టరుగారి దగ్గరికి పోయాను. అవి ఫీజు డబ్బులని చెప్పి వాపసు అడిగాను.

"అక్కా, అది ప్రార్థన చేసి పెట్టిన అర్పణ. నేనొక్కడిని తీసి ఇయ్యలేను. రెండో తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉంటది. ఆయనను అడుగుండ్రి."

"ఆయననా?"

"ఆయననే అక్కా."

నా ఖర్మ అనుకున్నాను. చర్చి వెనక కాలువ గట్టు మీద ఆయన కోత మిషన్ ఆగి ఉంది. ఆయన బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అక్కడికి నడిచింది ముప్పై అడుగులే. నా జన్మలో అంత దూరం నడవలేదు. పోతూ పోతూ మూడు రకాలుగా మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయనే ముందు అన్నాడు.

"పైసలు అవుసరానివే గదా చెల్లె. కట్టకు బ్యాంకు కాయిదం అట్లనే ఉండె. ఊకె ఉన్న పైసలు గట్ల ఉండయి."

"నా బిడ్డ ఫీజు. రేపే ఆఖరు." తర్వాత ఆగలేకపోయాను. "ఎరుకుండి ఎందుకు పెంచుకుంట పోయినవన్నా? గా ముసలామెను ఎందుకు నవ్వినవ్?"

ఆయన చేతులు కడగడం ఆపలేదు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"కట్ట పాట అయినంక సూసిన చెల్లె. పాడేటప్పుడు నాకు ఎర్కలే, నిజంగ," అన్నాడు. "నవ్వుడు మాత్రం... ఎందుకు నవ్విన్నో ఏం జెప్పాలె. మా బాపు సచ్చిపోయినప్పుడు నాకు పద్నాలుగేండ్లు. రెండేండ్లు మీ అత్త తెచ్చిన బియ్యం తిని బతికినం. పెరట్ల కెళ్లి వచ్చి, మా అవ్వ గిన్నెల పోసి, ఒక్క మాట మాట్లాడకపోతుండె. నేను తలుపు సాటుకు నిలవడి సూస్తుంటి. నీకెరుకనా చెల్లె, పది ఇండ్ల బియ్యం ఒక్క తీరుగ ఉడకయి. సగం పలుకు, సగం గంజి. బడిల నా టిఫిన్ సూడంగనే పోరగాండ్లకు తెలుస్తుండె."

సగం పలుకు, సగం గంజి అన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

"ఇన్ని మిషిన్లు కొన్న. గామెను సూస్తే ఇప్పటికీ గిన్నె పట్టుకొని నిలవడ్డట్టే ఉంటది. ఒక్కపారి గూడ ఆమెకు ఒక మంచి మాట చెప్పలే. చెప్పాల్నంటే నోరు రాదు. గందుకే నవ్విన గావచ్చు."

ఆయన నా మొహం చూసి, నేను ఇంకా కోపంలోనే ఉన్నాననుకున్నాడు.

"నీకు కొత్తనా చెల్లె. మీ ఆయన బుజం ఇరిగినప్పుడు మీ ఇంటికి గూడ పోయినయి గద. పదిహేను రోజులకోపారి మీ అత్తకు మూట కట్టి బస్సుల ఎక్కిచ్చింది నేనే."

కాలువలో నీళ్లు పోతున్నాయి. బోరింగు నుంచి చుక్కలు పడుతున్నాయి. రేషన్ షాపు ముందు లైను, నేల చూసిన ఆడవాళ్లు, నోరు తెరిచిన డీలరు, అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి. వాళ్లు పిరికివాళ్లు కాదు. వాళ్ల కొలతలోంచి, వాళ్ల పిల్లల కంచంలోంచి తగ్గించి పంపిన బియ్యాన్ని నేను కల్తీ అని తిడుతుంటే, పల్లెత్తు మాట అనకుండా నిలబడ్డవాళ్లు. అదే ఆడవాళ్ల ముందు పొద్దున, చెయ్యి జాపి బతికినోళ్లం కాదని బల్ల గుద్ది చెప్పాను. వాళ్లలో ఒక్కరు నవ్వినా చాలు, నా బతుకు అక్కడే తెల్లారిపోయేది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ నేలే చూశారు.

"నాకు తెల్వదన్నా," అన్నాను. "రేషన్ బియ్యమని చెప్పింది."

ఆయన నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"పెట్టె తియ్యద్దు తీ. నీ ఫోన్ నంబర్ చెప్పు, ఇరవై నేనేస్త. ఎవలకూ తెల్వదు."

ఎంత సులువు. ఎవరికీ తెలియదు. సీటు దక్కుతుంది, నా భర్తకు చెప్పిన అబద్ధం నిజమైపోతుంది, చర్చిలో నా త్యాగం త్యాగంగానే ఉండిపోతుంది. నంబర్ చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మొదటి నాలుగు అంకెలు చెప్పాను. ఆగిపోయాను.

"అద్దన్నా. అందరి ముంగట అన్న. అందరి ముంగటనే తీసుకుంట."

"మస్తు కష్టమైతది చెల్లె."

"కానియ్యి."

చాపల దగ్గరికి తిరిగి వచ్చి మా అత్త ముందు నిలబడ్డాను.

"నాలుగు నెలలు పిడికెడు బియ్యం తినిపిచ్చినవా అత్తా? నాకెందుకు చెప్పలే?"

ఆమె కంచంలోంచి తల ఎత్తింది.

"చెప్తే తింటుంటివా పిల్లా?"

తినేదాన్ని కాదు. పిల్లను కూడా తిననిచ్చేదాన్ని కాదు. పస్తులుండి, మంచం మీద ఉన్న మనిషిని పస్తులుంచి, తల ఎత్తుకుని తిరిగేదాన్ని. అది ఆమెకు తెలుసు.

రెండున్నరకు అందరినీ మళ్లీ లోపలికి పిలిచారు. నేను బల్ల పక్కన నిలబడ్డాను.

"నేను ఇరవై వేలు దేవునికి ఇయ్యలే," అన్నాను. "కోపానికి ఇచ్చిన. అవి నా బిడ్డ ఫీజు పైసలు. రేపు కట్టకపోతే సీటు పోతది. నాకు వాపసు గావాలె." ఇంకా ఉంది చెప్పాల్సింది. "చెయ్యి జాపి బతుకలే అని పొద్దుగాల అన్న. మీ బియ్యం నాలుగు నెలలు తిన్న. నాకు తెల్వక మిమ్ములనే తిట్టిన. మీరు ఒక్క మాటనలే."

చెప్పి ఊరుకున్నాను. మెచ్చుకుంటారని చెప్పలేదు, క్షమించమని అడిగే నోరూ లేదు. ఎవరో ఒకరు, అర్పణ ఎట్లా వాపసు ఇస్తారని అడుగుతారని ఎదురుచూశాను. ఒకాయన అడిగాడు కూడా. రేకుల అడ్వాన్సు సంగతేందని. ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలామె, ఎప్పుడూ ఎవరితో మాట్లాడనామె, అక్కడే కూర్చుని అంది.

"రేకులు వచ్చే యేడు ఏసుకుందాం. పిల్ల సదువు వచ్చే యేడు దాక ఆగుతదా?"

పాస్టరుగారు తన తాళం తీశారు, కార్యదర్శి తన తాళం తీశాడు. కట్ట అట్లాగే ఉంది, బ్యాంకు కాగితం చిరగలేదు. ఆయన దాన్ని ఒక చేత్తో ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. నేనూ రెండు చేతులు చాపి తీసుకున్నాను. పొద్దున చప్పుడు చేసిన కట్ట ఇప్పుడు ఏ చప్పుడూ చేయలేదు.

"మరి కాయ ఎవలది?" అన్నాడు సంఘ పెద్ద. పాపం ఆయన లెక్క ఆయనది.

"నాదే," అన్నాడు కార్యదర్శి. "యాబైకే."

మా అత్త కూర్చున్న చోటి నుంచే పిలిచింది. "పగలగొట్టి విత్తులు ఎండవెట్టు కొడుకా. సగం నాకు తెచ్చియ్యి. వచ్చే యేడు నాటనీకి నా దగ్గర లెవ్వు."

ఆయన కాయ చేతిలో పట్టుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఎవరినీ ఏదీ అడగడం నేనూ ఎప్పుడూ వినలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఆమెకు ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాడు. ఆమె పది రూపాయలు కూడా చేయని విత్తనాలు అడిగింది.

"తెస్తనవ్వా," అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కాయ అడ్డం వచ్చింది, పక్కవాడికి ఇచ్చి తుడుచుకున్నాడు.

మరునాడు పొద్దున పదిన్నరకే, మా ఆయన, నేను, కూతురు, ముగ్గురం పోయి ఫీజు కట్టాము. ఆయనకు తోవలోనే అంతా చెప్పాను. ఇంటికి వచ్చాక, నాలుగు నెలలు తను మంచం మీద తిన్నది ఏ ఇళ్ల బియ్యమో వాళ్లమ్మను ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాడు. కానీ నాకు ఆ రోజు గురించి అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది ఫీజు రసీదు కాదు.

చర్చిలోంచి బయటికి వచ్చేసరికి చాపలు ఎత్తేస్తున్నారు. నా కంచం వేపచెట్టు కింద నేను వదిలేసిన చోటే ఉంది, ఎవరో పైన విస్తరి కప్పారు. అన్నం చల్లారిపోయింది. కూర్చుని కలుపుకున్నాను. ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు మెత్తన, ఒకటి సన్నం, ఒకటి దొడ్డు. చిన్నప్పటి నుంచి తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాను. నోటికి వచ్చినదే, ఆలోచించేది ఉండదు. ఆ రోజు కళ్లు మూసుకుంటే మాటలు రాలేదు, ఆ ఇళ్ల పొయ్యిలు కనబడ్డాయి. కంచం ఖాళీ చేశాను. ఇంకా ఆకలిగానే ఉంది. నీళ్లు తాగి లేచిపోవడం నాకు అలవాటు, ఎక్కడా రెండోసారి అడిగినదాన్ని కాదు. వడ్డించే ఆమె గిన్నె అడుగు గీకుతోంది. ఆమె నాలుగేళ్ల కింద రేషన్ లైనులో నా ముందు నిలబడి నేల చూసిన మనిషే.

నేను కంచం చాపాను.

"జర ఇంకింత పెట్టక్కా," అన్నాను.